పన్నెండిళ్ళకి మూడు లారీలు

"ముప్పై ఏళ్ళు మందు లారీ తోలాను. ఆ ముప్పై ఏళ్ళలో నా బండిలో ఒక్క సీసా పగల్లేదు. సరే, ఒకటి పగిలింది. అదీ దించేవాడు తుమ్మితే పగిలింది, నా లెక్కలోకి రాదు. ఇంత చిన్న విషయానికి నేను గొప్పలు చెప్పుకోను. అల్లుడు అడిగాడు కాబట్టి చెబుతున్నాను."

అని టాపుగేరు కుర్చీలో వెనక్కి వాలాడు.

అతను మందు గోడౌనులో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బండి ఎప్పుడో ఆగింది కానీ నోరు మాత్రం టాపుగేరులోనే ఉండిపోయింది. అందుకే ఆ పేరు. బస్సు డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టులో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది. మూడు కాగానే అందులో అతనే ఉంటాడు. పక్క దుకాణం టైలరు మిషను ఆపి వచ్చి ఎదురు బల్ల మీద కూర్చుంటాడు. నమ్మడానికి కాదు, వినడానికి.

ఆ రోజు అతణ్ణి కదిపింది వెల్డరు. టాపుగేరు అన్నగారి అమ్మాయికి భర్త. తాగుడు మానేసి నూట పద్నాలుగు రోజులైంది. అతను పనిచేసే వెల్డింగు షెడ్డు మూతపడుతోంది. కంపెనీకి మరో మూడు చోట్ల పని ఉంది: ఏటి ఒడ్డున ఒకటి, రేవులో ఒకటి, గుట్ట మీద ఊళ్ళో ఒకటి. ఎక్కడికి వెళ్తాడో సాయంత్రం అయిదులోపల ఫోన్ చేసి చెప్పాలి.

"మూడు చోట్లా తిరిగినవాళ్ళు మీరే కదా మావయ్యా. తాగుడు ఎక్కడ తక్కువో చెప్పండి, అక్కడికి పోతాను. ఈసారి జారితే నేను లేవలేను. మీ అమ్మాయి కూడా చెప్పేసింది, ఈసారి జారితే నా దారి నేను చూసుకుంటానని. అరవలేదు, ఏడవలేదు. ఈ పూట కూరేమిటో చెప్పినంత మామూలుగా చెప్పింది. అందుకే భయమేసింది."

అలాంటి ప్రశ్నకి తెలిస్తే ఒక్క మాటలో జవాబు చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి. టాపుగేరుకి ఆ రెండూ చేతకావు.

"ఎక్కడ ఎంత తాగుతారో నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావు అల్లుడూ? ముందు ఏటి ఒడ్డు సంగతి విను. అక్కడన్నీ ఇటుక బట్టీలు. వారం జీతం చేతిలో పడిందంటే పదిలో మూడు వంతులు తిన్నగా కొట్టుకే పోతుంది. జీతాల రోజు సాయంత్రం ఆ ఊళ్ళన్నీ వంకరగా నడుస్తాయి. మనుషులనుకున్నావా? ఊళ్ళే. ఆ కొట్టు నుంచి ఇళ్ళకి నడిచి నడిచి కాలిబాట పడింది. ఆ కాలిబాట మీదే రోడ్డు వేశారు. మైలు దూరానికి నలభై ఏడు మలుపులు! కొత్తగా వచ్చిన డ్రైవర్లు మొదటి మలుపుకే సగం సీసాలు పగలగొట్టుకునేవాళ్ళు. నేనేం చేశానో తెలుసా?"

"పగలగొట్టలేదు," అన్నాడు టైలరు.

"ఎలా పగలగొట్టలేదో అడుగు! తాగినవాడు ఎలా నడుస్తాడో స్టీరింగు అలా తిప్పాను. రెండడుగులు అటు, ఒకడుగు ఇటు, మధ్యలో ఆగి ఒకసారి వెనక్కి చూడటం. బండి ఆ రోడ్డుని గుర్తుపట్టి దానంతటదే వెళ్ళిపోయింది. లోపల సీసాలు కదిలితే ఒట్టు. రోడ్డు వేసినాయన పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుని, అయ్యా, నా రోడ్డుని అర్థం చేసుకున్నవాడివి నువ్వొక్కడివే అని ఏడ్చాడు."

"వేసినాయన కూడా తాగే వేశాడన్నమాట," అన్నాడు టీ కొట్టాయన.

వెల్డరు నవ్వలేదు. "అయితే ఏటి ఒడ్డు వద్దంటారు," అన్నాడు. చేతిలో టీ చల్లారిపోతోంది.

"ఆగు. ఏటి ఒడ్డు మూడు వంతులే. రేవు సంగతి వింటే ఏటి ఒడ్డువాళ్ళు మునులనిపిస్తారు. రేవులో పదికి అయిదు. సగానికి సగం! అక్కడ దూరం కూడా సీసాల్లోనే చెబుతారు. స్టేషను ఎంత దూరమయ్యా అంటే రెండు సీసాల దూరం అంటారు. దాపరికం లేదు. తాగేసిన సీసాని ఇంటి ముందు గోడ మీద నిలబెడతారు, లేబుల్ వీధివైపు తిప్పి మరీ. ఎవడి గోడ ఎంత పొడుగుంటే వాడంత మొనగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కడిగిన గ్లాసుల నీళ్ళన్నీ కాలవలో పడి, కాలవ సముద్రంలో పడి, చేపలకి అలవాటైపోయింది. వల వేయక్కర్లేదు, ఒడ్డున సీసా మూత తీసిన చప్పుడు చేస్తే చాలు, వచ్చి వరసలో నిలబడతాయి. ఆ చేపని వేయించడానికి నూనె కూడా అక్కర్లేదు. అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమంటుంది."

"నా చెవిలో పువ్వులు పెట్టకు," అన్నాడు టైలరు.

"ఒక చేప నా లారీ ఎక్కింది. ఇంకేం చెప్పను?"

"ఎక్కి?"

"నా పక్క సీట్లో కూర్చుంది. గోడౌను దాకా వచ్చి, ఖాళీ బండి అని తెలిశాక అలిగి దిగిపోయింది."

టైలరు తొడ మీద చరుచుకుని నవ్వాడు. టీ కొట్టాయన పాలు పొంగుతున్నా చూసుకోలేదు. తాగుడు గురించి నవ్వుకునే చోట అందరికీ బాగానే ఉంటుంది, మానేసినవాడికి తప్ప. వెల్డరు గోడ గడియారం వైపు చూశాడు. నాలుగు దాటింది.

"మావయ్యా, నేను మీ గొప్పలు వినడానికి రాలేదు. నాకు ఊరు కావాలి."

"అక్కడికే వస్తున్నాను. గుట్ట ఎక్కాలంటే ముందు వంతెన దాటాలి కదా. ఆ వంతెన పక్కన ఒక పల్లె ఉంది, పన్నెండే ఇళ్ళు. ఒక కొట్టు. ఈ రేవు, ఈ ఏటి ఒడ్డు, ఇవన్నీ ఆ పల్లె ముందు పసిపిల్లలు! ఆ కొట్టుకి వారానికి మూడు లారీల సరుకు నేనే దించాను. లారీకి అయిదొందల పెట్టెలు, పెట్టెకి పన్నెండు సీసాలు. టైలరూ, లెక్క కట్టు."

టైలరు జేబులోంచి సుద్దముక్క తీసి బల్ల మీద రాశాడు. "లారీకి ఆరువేలు. మూడు లారీలకి పద్దెనిమిది వేలు."

"ఊళ్ళో జనం యాభై ఒక్కమంది. ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టాను."

"మనిషికి రోజుకి..." టైలరు తల గోక్కున్నాడు. "యాభై సీసాలు!"

"చంటిపిల్లలతో కలిపి! ఖర్చు చూస్తే సంపాదనలో పదికి పది కాదు, పదికి వెయ్యి. భూమ్మీద మందుకి అంత తగలేసే ఊరు ఇంకోటి లేదు. అయితే అసలు వింత అది కాదు. అంత తాగి ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తూలడు. మాట తడబడదు. పొద్దున్నే లేచి పశువుల పనీ, పొలం పనీ చేసుకుంటారు. కళ్ళు తెల్లగా పాలలా ఉంటాయి. కడుపులా అవి? ఇనప డ్రమ్ములు! నేను చేతులెత్తి దండం పెట్టాను."

"నువ్వే దండం పెట్టావంటే గొప్పవాళ్ళే," అన్నాడు టైలరు.

అప్పుడే వెల్డరు భార్య రోడ్డు దాటి వచ్చింది. డిపో వెనక షెడ్డులో ఖాళీ సీసాలు కడిగే పని ఆమెది. మందు కంపెనీ వాళ్ళు వాడేసిన సీసాలు వెనక్కి తెప్పించి, కడిగించి, మళ్ళీ నింపుతారు. పని అయిపోయినట్టుంది. చీర అంచు తడిసి ఉంది. బట్టల సోడా కలిపిన నీళ్ళకి వేళ్ళు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. భర్త పక్కన బల్ల చివర కూర్చుంది.

"ఇంకా ఫోన్ చేసి చెప్పలేదా?"

"మీ బాబాయి చెబుతున్నారు. గుట్ట దగ్గరికి వచ్చారు."

"సరైన టైముకొచ్చావమ్మా," అన్నాడు టాపుగేరు. "మీ ఆయన బతుకు బాగుపడే ఊరు గురించే చెబుతున్నా. వంతెన దగ్గర సరుకు దించబోతే ఒకరోజు బ్రేకు పట్టేసింది... కాదు కాదు, పట్టలేదు. బండి ఆగలేదు. వంతెన దాటింది, గుట్ట ఎక్కింది, మూడు లారీల బరువు నా ఒక్క లారీలో. ఊరి మొదట్లో బోర్డు: ఈ ఊళ్ళో మందు అమ్మబడదు. తెల్ల గోడలు. ముప్పై వేల జనం. వీధులు నాకి తినేంత శుభ్రం. నేను దిగి, మందు కొట్టు ఎక్కడండీ అని అడిగితే ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దగ్గుమందు ఇప్పించింది!"

టీ కొట్టాయన నవ్వాడు.

"నవ్వుతావేం? వాళ్ళకి మందంటే దగ్గుకీ జ్వరానికీ వేసుకునేదే. నా లారీ వెనక తలుపు తీస్తే ఊరంతా మూగింది. సీసా అంటే ఏమిటో తెలియదు పాపం. ఒకడు దాంతో గోడకి మేకు కొట్టబోయాడు. ఒకావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో నిప్పు పెడితే దీపమవుతుందా అంది. ఊరి పెద్ద మూత తీసి వాసన చూశాడు, మూడు రోజులు నిద్రపోయాడు. ఒకే ఒక్క చుక్క కాలవలో పడింది. ఆ వీధివాళ్ళు వారం రోజులు పాటలు పాడారు, ఎందుకు పాడుతున్నారో వాళ్ళకే తెలియదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లారీ పాడిందా?" అన్నాడు టైలరు.

"లారీ మానేసింది! ఆ ఊరి గాలి తగిలి నా లారీకే బుద్ధొచ్చి డీజిల్ తాగడం మానేసింది. బతిమాలాను, ముట్టదు. చివరికి ఒక బిందెడు మంచినీళ్ళు పోస్తే స్టార్టయింది. గోడౌను దాకా పద్దెనిమిది మైళ్ళు మంచినీళ్ళ మీద వచ్చాను. పొగ కూడా లేదు, ఆవిరే! అదీ ఊరంటే. కోతలనుకుంటే పేపరు చూసుకోండి. ఏ ఊళ్ళో మందుకి ఎంత ఖర్చో మొన్న వేశారు. రేవుది ఇంత, ఏటి ఒడ్డుది ఇంత, గుట్ట మీద ఊరిది సున్నా. గుండు సున్నా! అల్లుడూ, కళ్ళు మూసుకుని గుట్ట అని చెప్పెయ్. ఇక నీకు దిగుల్లేదు, అమ్మాయికి దిగుల్లేదు."

వెల్డరు మొహం మొదటిసారి తేరుకుంది. పేపరు సంగతి అతనూ చదివాడు. ఫోన్ తీశాడు. భార్య ఆ చేతి మీద తన తడి చెయ్యి వేసింది.

"బాబాయ్, గుట్ట మీద ఊరంటే వంతెన దాటి పైకెళ్తే వచ్చేదేనా?"

"అదే తల్లీ. సీసా అంటే ఏంటో తెలియని ఊరు."

"ఆ ఊరి సీసాలు వారం వారం నేను కడుగుతాను."

టాపుగేరు కుర్చీలో ముందుకు వంగాడు.

"మా షెడ్డుకి మూడు వైపుల నుంచి వస్తాయి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఏటి ఒడ్డువి బురదతో వస్తాయి. రేవువి లేబుల్ చెక్కుచెదరకుండా వస్తాయి. నువ్వన్నట్టు గోడ మీద పెడతారు కాబోలు, ఒక పక్క ఎండకి వెలిసిపోయి ఉంటాయి. గంట నానబెట్టి గీకినా ఊడవు. మా గోళ్ళు పోయేది వాటితోనే. గుట్టవి మాత్రం సంచుల్లో కుట్టేసి వస్తాయి, సంచి మీద పాత పుస్తకాలు అని రాసి ఉంటుంది. ఆ ఊరి పాత సామాన్లాయన పంపిస్తాడు. విప్పితే ఒక్కదానికీ లేబుల్ ఉండదు. ముందే ఎవరో గోటితో గీకేసి ఉంటారు. ఆ సంచుల కోసం షెడ్డులో ఆడవాళ్ళం పోట్లాడుకుంటాం, పని తక్కువని."

"ఏవో నాలుగు సీసాలు," అన్నాడు టాపుగేరు. "ఎవడో దారిన పోయేవాడు..."

"వారానికి మూడు లారీలు బాబాయ్."

టైలరు బల్ల మీద తను రాసిన అంకెలు చూశాడు. నవ్వు మొహం నుంచి మెల్లగా దిగిపోయింది.

"పన్నెండిళ్ళకి వెళ్ళినవి మూడు లారీలు. గుట్ట మీద నుంచి దిగేవి మూడు లారీలు," అన్నాడు. "ఒక్కడూ తూలడన్నావు కదా, మరి ఎందుకు తూలతాడు? తూలేవాళ్ళు పైనున్నారు. కొనేది వంతెన దగ్గర, తాగేది తలుపులేసుకుని. పేపర్లో కొట్లు లేని ఊరికి సున్నా వేశారు. నీకూ పేపరుకీ ఒకటే తెలివి."

సుద్దముక్క మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"నువ్వు పైకి వెళ్ళావా అసలు?" అని అడిగాడు టైలరు.

టాపుగేరు కుర్చీ చేతుల్ని నిమిరాడు. "వంతెన దగ్గర దించి బండి తిప్పేవాణ్ణి," అన్నాడు చివరికి. "దించడం వరకే నా పని. పద్దెనిమిది వేల సీసాలు ఎక్కడికి పోతున్నాయో ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇనప కడుపులంటే జనం నవ్వేవాళ్ళు. నవ్వుతున్నారు కదా అని అదే చెబుతూ వచ్చాను." అల్లుడి వైపు చూశాడు. "నిన్ను అక్కడికి పంపేసేవాణ్ణిరా."

వెల్డరు తన కుడిచేతి బొటనవేలు గోరు చూసుకుంటున్నాడు.

"నేనూ గీకేవాణ్ణి," అన్నాడు.

భార్య అతని వైపు తిరగలేదు.

"స్నానాల గదిలో నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో గీకేవాణ్ణి. ఆ కాగితం ఉండచుట్టి కిటికీలోంచి పారేసేవాణ్ణి. లేబుల్ లేకపోతే అది మందు సీసా కాదనిపించేది నాకు. మంచినీళ్ళ సీసాలతో పాటు పెట్టేసేవాణ్ణి. నువ్వు చూసినా తెలియదనుకున్నాను."

"లేబుల్ ఊడిన సీసా ఎలా ఉంటుందో నాకు చెబుతావా?" అంది ఆమె. "మొదటి సీసా నుంచీ తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఒట్టు పెట్టేవాడివి. నీ ఒట్లు చాలా విన్నాను. నీ నోటితో నువ్వే చెప్పే రోజు వస్తుందేమోనని చూశాను."

టీ కొట్టాయన స్టవ్ తగ్గించాడు. అయిదవడానికి పావుగంట ఉంది.

"ఎక్కడికి వెళ్ళమంటావు?" అని అడిగాడు వెల్డరు.

"నేను చెప్పను. నేను చెబితే రేపు నువ్వు జారినప్పుడు ఆ నింద నా మీద పడుతుంది. ఎక్కడ తక్కువ తాగుతారని అందర్నీ అడుగుతున్నావు. ఊరు మానిపించదయ్యా. వాళ్ళ ఖర్చు వాళ్ళది, నీ గ్లాసు నీది."

రోడ్డు అవతల ఒక బస్సు వెనక్కి తిరిగి, ముందుకు వచ్చి, వెళ్ళిపోయింది. వెల్డరు నంబరు నొక్కాడు.

"రేవు," అన్నాడు ఫోన్లో.

టైలరు ఉలిక్కిపడ్డాడు. టాపుగేరు కుర్చీలోంచి సగం లేచాడు. "అల్లుడూ! పదికి అయిదు! చేపల మాట కోతే కానీ అది మాత్రం నిజం. అక్కడ అడుగడుక్కీ కొట్టే!"

వెల్డరు ఫోన్ మీద అరచెయ్యి పెట్టాడు. "గుట్ట మీదికి వెళ్తే నాకు స్నానాల గది దొరుకుతుంది మావయ్యా. ఊరంతా నాలాంటి గోళ్ళే. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. రేవులో తాగినవాడు తాగాడని వీధికి తెలుస్తుంది. తాగనివాడి గోడ ఖాళీగా ఉంటుంది, అదీ తెలుస్తుంది. నాకు దాక్కోడానికి చోటు లేని ఊరే కావాలి."

టాపుగేరు మళ్ళీ కూర్చున్నాడు.

ఫోన్లో అవతలి మనిషి ఏదో అడిగాడు. వెల్డరు భార్య వైపు చూశాడు. "ఒక్కరికైతే గది ఇస్తారట, ఇద్దరికైతే ఇల్లు. ఏది కావాలంటున్నారు."

ఆమె తన ఉబ్బిన వేళ్ళు చీర కొంగుకి తుడుచుకుంది.

"కాపలాకైతే నేను రాను. పొద్దునా సాయంత్రం నీ నోరు వాసన చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. రేవులోనూ సీసాల షెడ్డుంది, మనుషులు చాలడం లేదని మా మేస్త్రీ అంటుంటాడు. పనికైతే వస్తాను. నువ్వు జారితే ఆ పని నాకు ఉంటుంది, నువ్వుండవు. అది తెలుసుకుని చెప్పు."

వెల్డరు తలూపాడు. అవతలివాళ్ళు పిలుస్తున్నారు. గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరం వస్తాం," అన్నాడు. "ఇద్దరూ పనిచేసుకునేవాళ్ళే అని రాసుకోండి. నా పేరు కింద ఆమె పేరు కాదు. పక్కన రాయండి."